పొలిమేరలో పెండ్లికుమార్తె, మోడు మీద బోధకుడు: మార్తా గ్రాహం నృత్యాలలో అమెరికా ఫ్రాంటియర్ గాథ

ఉజ్జీవ బోధకుణ్ణి పాత్రగా నిలబెట్టిన నాటకాలు, నవలలు, చలనచిత్రాలు అమెరికాలో ఎన్నో వచ్చాయి. వాటిలో చాలావాటిలో బోధకుడు మోసగాడు, కాకుంటే నవ్వులాటకు పనికివచ్చేవాడు. 1944 అక్టోబరు 30న వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో తొలిసారి ప్రదర్శించిన ‘అపలాచియన్ స్ప్రింగ్’ అనే నృత్యరూపకంలోని బోధకుడు ఈ రెండు రకాలలో దేనికీ చెందడు. అతడు తాను చెప్పేది నిజంగా నమ్మినవాడు. అతని చుట్టూ నలుగురు స్త్రీలు రెప్పవేయక అతని ముఖం చూస్తూ తిరుగుతుంటారు. ఎదుట ఒక కొత్త పెండ్లికుమార్తె ఉంటుంది. అరగంటకు పైగా సాగే ఆ నృత్యంలో ఎవరూ ఒక్క మాట పలుకరు. అయినా చూసేవారికి ఒక ప్రసంగం వినబడుతుంది. ఆ ప్రసంగం విన్న స్త్రీ దేహంలో ఏమి జరిగిందో కూడా కనబడుతుంది.

దీనిని కూర్చిన మార్తా గ్రాహం (1894–1991) అమెరికా ఆధునిక నృత్యానికి పునాది వేసినవారిలో ఒకరు. అమెరికా జాతి తన పుట్టుక గురించి చెప్పుకొనే ఫ్రాంటియర్ గాథను ఆమె మూడు రచనలలో స్త్రీ వైపు నుండి తిరిగి చెప్పింది. అవి ‘ఫ్రాంటియర్’ (1935), ‘అమెరికన్ డాక్యుమెంట్’ (1938), ‘అపలాచియన్ స్ప్రింగ్’ (1944). ఈ మూడింటినీ సంఘచరిత్ర పక్కన ఉంచి చదవడమే నా ప్రయత్నం. నేను నృత్యశాస్త్రం తెలిసినవాణ్ణి కాను. ‘అపలాచియన్ స్ప్రింగ్’ను రంగస్థలం మీద కాక 1958లో తీసిన చలనచిత్రంలో చూసినవాణ్ణి. కాని పాతికేళ్లకు పైగా ప్రసంగవేదిక ఎక్కుతున్నాను గనుక ఆ బోధకుని ఎత్తిన చేయి, వంగిన మోకాలు, చూపే వేలు నాకు బాగా తెలుసు. ఆ చిత్రం చూసిన రాత్రి నిద్ర పట్టలేదని చెప్పుకోవడానికి సిగ్గుపడను.

గాథ ఏమిటి?

‘ఫ్రాంటియర్’ అనే మాటకు మన నిఘంటువులు ‘సరిహద్దు’ అని అర్థం చెబుతాయి. అమెరికా చరిత్రలో ఆ అర్థం చాలదు. రెండు రాజ్యాల నడుమ గీతను వారు ఆ పేరుతో పిలవలేదు. తెల్లవారి సేద్యం ఆగిపోయి, వారు ‘ఖాళీ నేల’ అనుకొన్నది మొదలయ్యే అంచు అది. మన ‘పొలిమేర’ దానికి కొంత దగ్గర. అయితే మన పొలిమేర పెట్టినచోట ఉంటుంది, వారిది ఏటేటా పడమటికి జరిగింది. 1890 జనాభా లెక్కల తరువాత, ఇక అలాంటి అంచు గీయడానికి వీలులేదని ప్రభుత్వమే ప్రకటించింది.

1893 జూలైలో షికాగోలో జరిగిన చరిత్రకారుల సభలో ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ ఒక వ్యాసం చదివాడు. అమెరికా ప్రజాస్వామ్యం, అమెరికావాని స్వతంత్ర స్వభావం యూరపు నుండి ఓడలో రాలేదనీ, ఈ కదిలే అంచు మీదనే పుట్టాయనీ ఆయన వాదం. ఆ వ్యాసంలో వేటగాడు, తోళ్ల వర్తకుడు, పశువులు పెంచేవాడు, రైతు వరుసగా నడుస్తారు. అందరూ పురుషులే. అదే సంవత్సరం అదే నగరంలో, ప్రపంచ ప్రదర్శన ఆవరణ పక్కనే, బఫెలో బిల్ తన గుర్రపు స్వారీల ప్రదర్శన నడిపాడు. ఒకచోట పండితులకు, మరొకచోట టిక్కెట్టు కొన్న జనానికి ఒకే కథ. రెండిటిలోనూ ఆదివాసులు దారి తొలగవలసినవారే. రెండిటిలోనూ స్త్రీ బండిలో వెనుక కూర్చున్నది.

వేదాంత విద్యార్థికి ఈ కథ వెనుక మరొక కథ కనబడకపోదు. సముద్రం దాటి వచ్చిన ప్యూరిటన్లు తమను నూతన ఇశ్రాయేలుగా, ఎదుటి అడవిని అరణ్యంగా, దాని అవతలి నేలను కనానుగా చదువుకొన్నారు. నిర్గమకాండము చదివినవాడు యెహోషువ గ్రంథం కూడా చదువుతాడు. కనాను ఉంటే కనానీయులు ఉండక తప్పదు. ఫ్రాంటియర్ గాథకు ఆ ధైర్యం చాలావరకు ప్రసంగవేదికల నుండే వచ్చింది.

కంచె దగ్గర ఒక స్త్రీ

మార్తా గ్రాహం పెన్సిల్వేనియాలోని అలెఘెనీలో ప్రెస్బిటేరియన్ కుటుంబంలో పుట్టింది. తండ్రి మానసిక రోగులకు వైద్యం చేసేవాడు. తల్లి వైపు వారు మేఫ్లవర్ ఓడలో వచ్చిన మైల్స్ స్టాండిష్ వంశమని ఇంటిలో చెప్పుకొనేవారు. 1908లో కుటుంబం కాలిఫోర్నియాలోని సాంటా బార్బరాకు తరలిపోయింది. రైలు మైదానాలను చీల్చుకొంటూ పోతుండగా ముందుకు సాగే పట్టాలను చూసిన జ్ఞాపకమే తనకు ఫ్రాంటియర్ అని ఆమె తరువాత చెప్పుకొంది. 1926లో సొంత బృందంతో ప్రదర్శనలు మొదలుపెట్టిన ఆమె 1938 వరకు దానిలో ఒక్క పురుషుణ్ణి కూడా చేర్చుకోలేదు. బాలేలో దేహం గాలిలోకి లేస్తుంది, బరువు లేనట్లు నటిస్తుంది. గ్రాహం పద్ధతిలో పాదాలకు చెప్పులుండవు, నేల బలమంతా దేహంలోకి వస్తుంది. ఊపిరి వదలినప్పుడు పొట్ట లోపలికి ముడుచుకొని, పీల్చినప్పుడు విచ్చుకొంటుంది. కదలికలన్నీ అక్కడినుండే పుడతాయి. ప్రసవవేదన ఎరిగినవారికి, ఏడ్చి అలిసినవారికి ఆ ముడుచుకోవడం ఎక్కడిదో వేరే చెప్పనక్కరలేదు.

‘ఫ్రాంటియర్’ కొద్ది నిమిషాల ఏకల నృత్యం. 1935 ఏప్రిల్ 28న న్యూయార్క్‌లో ప్రదర్శించారు. సంగీతం లూయీ హార్స్ట్ ది, రంగాలంకరణ శిల్పి ఇసాము నొగుచిది. ఒక కంచె ముక్క, దాని వెనుకనుండి రంగస్థలపు పైమూలలకు విచ్చుకుపోయే రెండు తాళ్లు, అంతే. ఆ రెండు తాళ్లతో ఖాళీ రంగస్థలం అంతులేని మైదానమవుతుంది. స్త్రీ కంచెకు ఆనుకొని దూరం చూస్తుంది. తరువాత చిన్నచిన్న అడుగులతో నేలను చదరంగా కొలుస్తుంది. కాలు ఎత్తి గాలిలోకి విసరుతుంది. తిరిగి కంచె దగ్గరకు వస్తుంది. భర్త లేడు, బండి లేదు, తుపాకి లేదు. టర్నర్ వ్యాసంలో కనబడని మనిషి ఒక్కతే వచ్చి ఆ నేలను కళ్లతో, అడుగులతో తనదిగా చేసుకొంటుంది.

ఆ చదరం గీసే అడుగులను గురించి నాకు రెండు మనసులున్నాయి. ఇంటి గుమ్మం దాటని స్త్రీకి ఆకాశమంత చోటు ఇచ్చిన అడుగులవి. అదే సమయంలో నేలను కొలిచి ‘ఇది నాది’ అనే అడుగులు కూడా అవే. గ్రాహం అంతకుముందే, 1930లో, న్యూ మెక్సికో వెళ్లి ప్యూబ్లో ఆదివాసుల నృత్యాలు చూసి ఎంతో కదిలిపోయింది. ఆదివాసుల ఆరాధనా నృత్యాలను నేరాలుగా లెక్కగట్టిన 1883 నాటి ప్రభుత్వ నియమావళి అప్పటికింకా అమలులోనే ఉంది. 1934లో గాని ఆ నిషేధాన్ని ఎత్తివేయలేదు. నిషేధం కావాలని అడిగినవారిలో మిషనరీలు ముందువరుసలో ఉన్నారు. అంటే ఒక స్త్రీ ఫ్రాంటియర్ మీద స్వేచ్ఛగా నృత్యం చేసి మెప్పు పొందడానికి ఒక్క ఏడాది ముందు వరకు, ఆ నేల అసలు బిడ్డలు నృత్యం చేస్తే శిక్షార్హులు.

పరమగీతము, ఎడ్వర్డ్స్, రెడ్ జాకెట్

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌కు రమ్మని నాజీ ప్రభుత్వం పిలిస్తే గ్రాహం నిరాకరించింది. ఆమె బృందంలో యూదు యువతులు ఉన్నారు. తన దేశం అంటే ఏమిటని ఆమె రచనలు ఆ తరువాత మరింత నేరుగా అడిగాయి. 1938 ఆగస్టులో వెర్మాంట్‌లోని బెన్నింగ్టన్‌లో ప్రదర్శించిన ‘అమెరికన్ డాక్యుమెంట్’ దానికి ఫలితం. ఇందులో ఒక నటుడు చారిత్రక పత్రాలను బిగ్గరగా చదువుతుండగా నృత్యం సాగుతుంది.

ప్యూరిటన్ల ఘట్టంలో ఒక స్త్రీ, ఒక పురుషుడు ప్రేమతో నృత్యం చేస్తుంటారు. ఆమె బృందంలో తొలి పురుషుడు ఎరిక్ హాకిన్స్ వచ్చింది అప్పుడే. వారి మీదుగా రెండు స్వరాలు ఒకదాని తరువాత ఒకటి వినిపిస్తాయి. ఒకటి జొనాథన్ ఎడ్వర్డ్స్ చేసిన ఖండనల నుండి తీసుకొన్నది. మరొకటి పరమగీతము. రెండూ సంఘానివే, రెండూ మన అరలో ఉన్న పుస్తకాలే. గ్రాహం బయటినుండి ఏ నాస్తికవాదాన్నీ తెచ్చి ప్యూరిటన్లను కొట్టలేదు. వారి బైబిలులోనే వారు తక్కువగా చదివిన గ్రంథాన్ని తెరిచి పెట్టింది. మనలో పరమగీతము మీద ప్రసంగించినవారెందరు? ప్రసంగించినా ‘ఇది క్రీస్తుకు, సంఘానికి సాదృశ్యం’ అని తొలి వాక్యంలోనే తలుపు వేసినవారెందరు? నేను వేసినవాణ్ణే.

ఎడ్వర్డ్స్‌కు న్యాయం జరగాలి గనుక ఒక మాట. నార్తాంప్టన్ సంఘం 1750లో ఆయనను తొలగించింది. ఆ తరువాత ఆయన స్టాక్‌బ్రిడ్జిలో మొహికన్ ఆదివాసుల మధ్య మిషనరీగా ఏడేండ్లు గడిపాడు. నరకాగ్ని ప్రసంగం ఒక్కటే గుర్తున్నవారికి ఈ సంగతి తెలియదు.

అదే రచనలో ఆదివాసుల ఘట్టమూ ఉంది. అక్కడ సెనెకా జాతి నాయకుడు రెడ్ జాకెట్ మాటలు వినిపిస్తాయి. సంఘచరిత్రలో ఆయనకు వేరే స్థానం ఉంది. 1805లో మసాచుసెట్స్ నుండి వచ్చిన క్రాం అనే మిషనరీకి ఆయన ఇచ్చిన జవాబు ప్రసిద్ధం. మీ గ్రంథం ఒక్కటే అయితే దానిని గురించి మీలో మీకు ఇన్ని భేదాలెందుకు అని అడిగాడు. ముందు మా పొరుగున ఉన్న తెల్లవారికి బోధించండి, వారు నిజాయితీపరులైతే అప్పుడు ఆలోచిస్తాం అన్నాడు. మిషన్ చరిత్ర పాఠంలో విలియం కేరీతోపాటు రెడ్ జాకెట్‌ను కూడా బోధించాలని నా అభిప్రాయం.

పెండ్లి ఇల్లు

‘అపలాచియన్ స్ప్రింగ్’ కథ చాలా చిన్నది. పందొమ్మిదవ శతాబ్దం తొలినాళ్లు, పెన్సిల్వేనియా కొండలు, కొత్తగా కట్టిన ఇల్లు. ఒక పెండ్లికుమార్తె, ఆమె భర్త, ముందే ఆ నేల ఎరిగిన ఒక పెద్దావిడ, ఒక ఉజ్జీవ బోధకుడు, అతని నలుగురు అనుచరురాండ్రు. భర్త పాత్రకు గ్రాహం పెట్టిన పేరు పాత ఇంగ్లీషు బైబిలులోని మాట. మన యోహాను సువార్త పదునైదవ అధ్యాయం ‘వ్యవసాయకుడు’ అని అనువదించినది అదే. నొగుచి ఇంటికి గోడలు పెట్టలేదు, దూలాల గీతలు మాత్రమే నిలబెట్టాడు. ఒక సన్నని ఊగుడు కుర్చీ, ఒక కంచె, బోధకుడు ఎక్కి నిలబడడానికి చెట్టు మోడులాంటి ఒక దిమ్మ. నరికిన చెట్టే ప్రసంగవేదిక. ఆ ఒక్క వస్తువులో ఫ్రాంటియర్ సంఘచరిత్ర సగం ఉంది.

సంగీతం ఆరన్ కోప్లాండ్‌ది. బ్రూక్లిన్‌లో స్థిరపడిన యూదు వలసకుటుంబపు కుమారుడు పదమూడు వాద్యాలకు రాసిన ఈ సంగీతానికి 1945లో పులిట్జర్ బహుమతి వచ్చింది. రాసేటప్పుడు ఆయన దానిని ‘మార్తాకు బాలే’ అని మాత్రమే పిలుచుకొన్నాడు. పేరు తరువాత గ్రాహం హార్ట్ క్రేన్ కవిత నుండి తెచ్చింది. ఆ కవితలో ‘స్ప్రింగ్’ వసంతం కాదు, నీటి ఊట. అపలాచియన్ కొండల వసంతం మీ సంగీతంలో కళ్లకు కట్టిందని మెచ్చుకొన్నవారిని చూసి కోప్లాండ్ నవ్వుకొనేవాడు.

రూపకం నడుమ బోధకుని ఏకల నృత్యం వస్తుంది. అంతవరకు అతడు పెండ్లిని దీవించిన మర్యాదస్తుడు. హఠాత్తుగా దేహం బిగుసుకొంటుంది. గెంతుతాడు, మోకాళ్ల మీద పడతాడు, వేలు చూపిస్తాడు. చూపిన వేలు కొత్త దంపతుల సంతోషం మీదికి వస్తుంది. తొలి ప్రదర్శనలో ఈ పాత్ర వేసినది మెర్స్ కన్నింగ్‌హామ్. తరువాతి కాలంలో ఆయనే గొప్ప నృత్యకర్త అయ్యాడు. ఆ ప్రసంగం తరువాత పెండ్లికుమార్తె నృత్యంలో నెమ్మది పోతుంది. అటూ ఇటూ పరుగులు, తెగిన కదలికలు. ఇంకా పుట్టని బిడ్డ మీద కూడా ఆ వేలి నీడ పడినట్లుంటుంది. ఆమెను నిలబెట్టేది బోధకుడు కాదు. తక్కువ కదిలి, ఎక్కువ నిలిచి ఉండే పెద్దావిడ.

ఇక్కడ గ్రాహం అన్యాయం చేయలేదని నేను ఒప్పుకోవాలి. ఆ బోధకుడు అబద్ధికుడు కాడు గనుకనే ప్రమాదకరుడు. అతనికి నిజమైన భక్తి ఉంది, దానిలో స్త్రీ సంతోషానికి చోటు లేదు. ఆదివారం నా ఎదుట చాపల మీద కూర్చునే స్త్రీలు నా ప్రసంగాన్ని ఏ దేహంతో ఇంటికి మోసుకుపోతున్నారో నేను ఎన్నడూ అడిగి తెలుసుకోలేదు.

ఒక పక్కమాట. అదే కాలంలో ఫ్రాంటియర్ మీద మరొక స్త్రీ నృత్యం కూర్చింది. 1942లో వచ్చిన ‘రోడియో’ కర్త ఆగ్నెస్ డి మిల్, మన సంఘాల్లో తెరలు కట్టి చూపించిన ‘టెన్ కమాండ్‌మెంట్స్’ దర్శకుడు సిసిల్ డి మిల్‌కు అన్న కుమార్తె. అందులో ప్యాంటు తొడుక్కొని పశువుల కాపరులతో సమానంగా స్వారీ చేయాలనుకొనే యువతి, చివరకు గౌను వేసుకొన్నాకనే తోడు దొరకించుకొంటుంది. జనం విరగబడి చూశారు. గాథను స్త్రీ తిరిగి చెప్పినంత మాత్రాన గాథ మారిపోదని దానితో తెలుస్తుంది.

చరిత్రలోని బోధకుడు, చరిత్రలోని స్త్రీలు

గ్రాహం బోధకునికి వెనుక ఉన్న చరిత్రను సంఘచరిత్ర విద్యార్థి ఎరుగును. 1801 ఆగస్టులో కెంటకీలోని కేన్ రిడ్జ్‌లో బార్టన్ స్టోన్ అనే ప్రెస్బిటేరియన్ కాపరి ఆధ్వర్యంలో జరిగిన సంస్కార కూటానికి పదివేలకు పైగా జనం వచ్చారు. కొన్ని అంచనాలు ఇరవై వేలు దాటుతాయి. బండ్ల మీద, మోడుల మీద నిలిచి ఒకేసారి పలువురు బోధించారు. జనం నేలకు పడిపోయారు, వణికారు, కొందరు నృత్యం చేశారు. స్టోన్ తన ఆత్మకథలో ఈ దైహిక కదలికలను వరుసగా వర్ణించాడు. వాటిలో నృత్యానికి ఒక ప్రత్యేక భాగమే ఉంది. ఉజ్జీవంలో నృత్యం నాటకకర్త కల్పన కాదు, సంఘపు నమోదిత చరిత్ర.

1805లో షేకర్ బోధకులు కెంటకీ, ఒహాయోలకు వచ్చి ఆ ఉజ్జీవ నాయకులలో కొందరిని తమలో కలుపుకొన్నారు. రిచర్డ్ మెక్‌నెమార్ వంటి ప్రెస్బిటేరియన్ బోధకుడు కూడా వెళ్లిపోయాడు. షేకర్ల నాయకురాలు ఆన్ లీ మాంచెస్టర్‌కు చెందిన కమ్మరివాని కూతురు. నలుగురు బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి. 1774లో న్యూయార్క్ చేరింది. వారు వివాహం వద్దన్నారు, స్త్రీ పురుషులిద్దరినీ సమానంగా పెద్దలుగా నియమించారు, ఆరాధనలో వరుసలు కట్టి నృత్యం చేశారు. డోరిస్ హంఫ్రీ అనే నృత్యకర్త 1931లో ‘షేకర్లు’ పేరుతో దానిని రంగస్థలం ఎక్కించింది. కోప్లాండ్ ‘అపలాచియన్ స్ప్రింగ్’లో వాడుకొన్న ప్రసిద్ధ రాగం, ‘సింపుల్ గిఫ్ట్స్’, 1848లో జోసెఫ్ బ్రాకెట్ అనే షేకర్ పెద్ద కూర్చినది. పెండ్లి ఒల్లనివారి నృత్యగీతం పెండ్లి నృత్యానికి రాగమైంది. పైగా పెన్సిల్వేనియా పల్లెల్లో షేకర్ల నివాసాలే లేవు. గాథలు ఇలాగే అల్లుకొంటాయి.

అయితే ఈ రూపకం చరిత్రకంటే వెనుకబడిన చోటు ఒకటి ఉంది, దానిని స్త్రీవాద విమర్శకులు కూడా తరచు దాటిపోతారు. గ్రాహం రంగస్థలం మీద బోధించేది పురుషుడు, వినేది స్త్రీలు. నిజమైన ఫ్రాంటియర్ కూటాలలో అలా లేదు. కేన్ రిడ్జ్‌లో స్త్రీలు, పిల్లలు కూడా జనాన్ని హెచ్చరించారు. 1740 నుండి 1845 వరకు అమెరికాలో బోధించిన వందకు పైగా స్త్రీలను క్యాథరిన్ బ్రెకస్ అనే చరిత్రకారిణి వెదకి తీసింది. నల్లజాతి మెథడిస్టు స్త్రీ జరీనా లీకి 1819లో బిషప్ రిచర్డ్ ఆలెన్ బోధించే అనుమతి ఇచ్చాడు. హారియెట్ లివర్‌మోర్ 1827 జనవరిలో వాషింగ్టన్‌లో కాంగ్రెసు సభామందిరంలోనే ప్రసంగించింది. జనం కిక్కిరిసిపోగా అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ మెట్ల మీద కూర్చొని విన్నాడు. ‘అపలాచియన్ స్ప్రింగ్’ తొలిసారి ప్రదర్శించిన గ్రంథాలయం ఆ భవనానికి ఎదురుగానే ఉంది. వీధి దాటితే చాలు, మోడు ఎక్కి బోధించిన స్త్రీ గ్రాహంకు దొరికేది. పందొమ్మిదవ శతాబ్దం నడిమికి వచ్చేసరికి సంఘాలు గౌరవనీయమై, ఈ స్త్రీల పేర్లను తమ చరిత్రలనుండి తొలగించాయి. ఆ తొలగించిన చరిత్రనే గ్రాహం వారసత్వంగా పొందింది. కనుక తప్పు ఆమెది కాదు, మనది. తాను స్త్రీవాదినన్న పేరును ఆమె ఎన్నడూ అంగీకరించలేదన్నది వేరే సంగతి. ఆమె రచనలను ఆ దృష్టితో చదివినది తరువాతి తరం.

లేకుండా పోయిన బాలిక

గ్రాహం కోప్లాండ్‌కు పంపిన తొలి కథాప్రణాళికలలో ఇంకా ఇద్దరు ఉన్నారు. ఒకరు పారిపోయి వచ్చిన బానిస. మరొకరు ఒక ఆదివాసి బాలిక. పెండ్లి ఇంటి ప్రక్కనే, ఎవరికీ కనబడక, ఆ నేల జ్ఞాపకంలా తిరగవలసినది ఆ బాలిక. రచన రూపుదిద్దుకొనే కొద్దీ ఇద్దరూ తొలగిపోయారు. మిగిలినది అందమైన, నెమ్మదైన పెండ్లి. బాలిక ఉండి ఉంటే చివరి ఘట్టంలో పెండ్లికుమార్తె చూసే దిగంతం ఎవరిదన్న ప్రశ్న తప్పేది కాదు.

ఆ ప్రశ్న మరొక దారిన రంగస్థలం మీదికి వచ్చింది. ఇంటి దూలాలు గీసిన నొగుచి జపాను కవి కుమారుడు, తల్లి అమెరికా స్త్రీ. యుద్ధకాలంలో జపాను సంతతివారిని నిర్బంధ శిబిరాలకు తరలించినప్పుడు, 1942లో, తానుగా వెళ్లి అరిజోనాలోని పోస్టన్ శిబిరంలో ఉన్నాడు. మేలు చేయాలని వెళ్లినవాడు బయటికి రావడానికి నెలలు పట్టింది. నలుగురు అనుచరురాండ్రలో ఒకరైన యురికో కాలిఫోర్నియాలో పుట్టిన జపాను సంతతి నర్తకి. ఆమెను అదే అరిజోనాలోని గిలా రివర్ శిబిరంలో ఉంచారు. 1943లో విడుదలై న్యూయార్క్ వచ్చింది. మరుసటి సంవత్సరమే దేశ రాజధానిలో అమెరికా మూలగాథలో పాదం కదిపింది. ఆ రెండు శిబిరాలనూ ప్రభుత్వం ఆదివాసుల రిజర్వేషన్ భూముల్లో, ఆ తెగల సభలు వద్దన్నా, కట్టింది. కథలోనుండి వెళ్లిపోయిన బాలిక నేల మీదనుండే వారిద్దరూ వచ్చారు.

అంతకు అర్ధశతాబ్దం ముందు, 1890 డిసెంబరు 29న, దక్షిణ డకోటాలోని వూండెడ్ నీ వద్ద సైన్యం లకోటా జనులను కాల్చిచంపింది. చనిపోయినవారిని తక్కువ లెక్కలు నూట యాభై అంటాయి, ఎక్కువ లెక్కలు మూడు వందలు అంటాయి. వారిలో స్త్రీలు, పిల్లలు అనేకులు. అధికారులకు భయం పుట్టించినది వొవోకా అనే పైయూట్ ప్రవక్త బోధతో వ్యాపించిన ఒక ఆరాధనా నృత్యం. చనిపోయినవారు తిరిగి వస్తారనీ, భూమి నూతనమవుతుందనీ వారు ఆశించారు. ఆ నిరీక్షణ మనకు కొత్తది కాదు. టర్నర్ చెప్పిన ఫ్రాంటియర్ ముగిసిన సంవత్సరం, ఈ నృత్యాన్ని తుపాకులతో ఆపిన సంవత్సరం ఒక్కటే.

ఒంగోలుకు వచ్చిన సర్వేయరు

ఇదంతా దూరదేశపు సంగతి అనుకొనే వీలు తెలుగు సంఘానికి లేదు. ఒంగోలు క్లౌ దొరగారు (1836–1910) ఫ్రాంటియర్ మనిషి. యువకుడిగా ఆయన మిన్నెసోటాలో ప్రభుత్వ భూమి సర్వే బృందంలో పనిచేశారు. ఆ ప్రాంతపు డకోటా జనులు 1851 నాటి ఒప్పందాలతో తమ నేలలో అత్యధిక భాగం పోగొట్టుకొన్నారు. నేల కొలిచే విద్య ఆయనకు అక్కడ అబ్బింది. 1876–78 కరవులో బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగం గుత్తకు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించగలిగినది ఆ విద్యతోనే. 1878 జూలై 3న ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగిన సంగతి మనలో తెలియనివారు లేరు. ఒకచోట నేలను పంచి అమ్మడానికి ఉపయోగించిన గొలుసు, మరొకచోట ఆకలితో ఉన్న మాదిగలకు అన్నం పెట్టింది. ఈ రెండింటిలో ఒకదానిని మాత్రమే చెప్పే చరిత్రను నేను ఇకపై బోధించలేను.

ఆయన జీవితకథ మనకు దక్కడానికి కారణం ఒక స్త్రీ. రెండవ భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ, సాంఘిక సువార్త వేదాంతి వాల్టర్ రౌషన్‌బుష్‌కు అక్క. ఆమె 1898లో స్త్రీల హక్కులకోసం రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన గ్రంథం ప్రచురించింది. మరుసటి ఏడాది మాదిగల కథలను సేకరించి మరొక గ్రంథం తెచ్చింది. క్లౌ మరణానంతరం, 1914లో, ఆయన చెప్పిన జీవితాన్ని పుస్తకంగా తీర్చింది. మిన్నెసోటా సర్వే ముచ్చట్లు మనకు తెలిసినది అందులోనే. మన ఉత్సవాల్లో క్లౌ దొర చిత్రపటానికి దండ పడుతుంది. ఎమ్మా చిత్రపటాన్ని నేను ఏ మందిరంలోనూ చూడలేదు.

1955–56లో అమెరికా ప్రభుత్వం గ్రాహం బృందాన్ని భారతదేశంతో సహా ఆసియా దేశాలకు పంపింది. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో ఫ్రాంటియర్ పెండ్లి కూడా రాయబారానికి పనికివచ్చింది. ఆ తరువాత తీసినదే నేను చూసిన చిత్రం. అందులో పెండ్లికుమార్తెగా గ్రాహమే ఉంది. అప్పటికి ఆమె వయస్సు అరవై దాటింది, పెండ్లికుమార్తె ముఖం మాత్రం నమ్మదగినది. పెద్దావిడ పాత్రలో మాట్ టర్నీ అనే నల్లజాతి నర్తకి. పారిపోయిన బానిస పాత్రను తీసివేసిన కథలో, ఆ ఇంటికి పునాదిలా నిలబడి దూరం చూసే స్త్రీ ఆమే. చివరకు అందరూ వీడ్కోలు తీసుకొంటారు. పెండ్లికుమార్తె ఊగుడు కుర్చీలో కూర్చొని దిగంతం వైపు చేయి చాపుతుంది. భర్త వెనుక నిలిచి ఆమె భుజం మీద చేయి వేస్తాడు. అంతకుముందే బోధకుడు వెళ్లిపోయి ఉంటాడు, నలుగురు స్త్రీలు అతని వెంట వెళ్లి ఉంటారు. పదునాలుగేండ్ల తరువాత కూడా వారిలో ఒకరు యురికోయే.